నాలుగో టిక్కు

"ఆగు తల్లీ, పాట ఇంకా అయిపోలేదు."

తోర్షా మైకు ముందు నుంచి కిందికి చూసింది.

బెంగాల్లోని సియూడీ ఊరి జాతర మేళాలో మధ్యాహ్నం రెండు గంటలు. పాట కచేరీ సాయంత్రం ఆరింటికి. కుర్చీలు ఇంకా వేస్తూనే ఉన్నారు. వేదిక కింద ఒక ముసలామె నిలబడి ఉంది. మెడకు మఫ్లరు, చంకలో గుడ్డసంచి. సంచిలోంచి ఏకతార వెదురు బయటికి పొడుచుకొచ్చింది.

"మూడు చరణాలే పాడుతున్నావు. నాలుగోది ఉంది," అందామె. అది గొంతు కాదు, ఉత్త గాలి.

తోర్షా విసుగ్గా నిమాయ్ వైపు చూసింది. నిమాయ్ ఆమె దగ్గర సౌండ్ చూసే మనిషి. తొమ్మిదేళ్లుగా ఆమెతోనే తిరుగుతున్నాడు.

తొమ్మిదేళ్ల కిందట తోర్షాకి మేనత్త పెట్టెలో ఒక పాత క్యాసెట్ దొరికింది. ఏదో మేళాలో ఎవరో ఆడమనిషి పాడిన పడవ పాట. మూడు చరణాలయ్యేసరికి టేపు అయిపోయింది. ఇలాంటి పాటల్లో కట్టినవాళ్ల పేరు చివరి చరణంలోనే వస్తుంది. అదే లేదు.

గొంతు వెనక టిక్, టిక్, టిక్ అని ఒక చప్పుడు మాత్రం ఉంది. నాలుగోది కాస్త ఆగి పడేది. అదేమిటో ఎవరికీ తెలియలేదు. తోర్షా ఆ చప్పుడుని కోసి మిషన్లో పెట్టింది. దానిమీద కీబోర్డు, డ్రమ్ములు పేర్చి పాట చేసింది. ఆ ఏడు దుర్గాపూజ పందిళ్లలో, పెళ్లిళ్లలో, బస్సుల్లో అదే పాట. రికార్డు కంపెనీవాళ్లు నాలుగో టిక్కుని సరిచేసి చూస్తే పాట చచ్చిపోయింది. మళ్లీ ఎప్పటిలాగే ఉంచేశారు.

ఆ తర్వాత తోర్షా చేసిన ఏ పాటా బతకలేదు. "అలాంటిది ఇంకొకటి తీసుకురా, లేకపోతే ఇదే ఆఖరు," అని కంపెనీ చెప్పేసింది. ఆ గొంతు ఎవరిదో తెలిస్తే ఆమె దగ్గర ఇంకా పాటలుంటాయి. అందుకే తోర్షా ప్రతి చలికాలం మేళాలన్నీ తిరుగుతోంది.

వెళ్లిన చోటల్లా నాలుగో చరణం నాకు తెలుసంటే నాకు తెలుసని ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఇప్పటికి నలభై చరణాలు విన్నది.

"కటోవా మేళాలో వచ్చినాయన గుర్తున్నాడా దీదీ?" అన్నాడు నిమాయ్. "చరణంలో వాళ్ల ఊరు, నాన్న పేరు, ఇంటి ముందున్న దుకాణం, అన్నీ పెట్టేశాడు. ఫోన్ నంబరొక్కటే తక్కువ."

తోర్షా నవ్వు ఆపుకుని ముసలామెను అడిగింది. "నీ పేరేంటి మాషీ?"

"చరణంలో ఉంది. బయట చెప్పుకోకూడదు కదా."

"ఇది కొత్త ఎత్తు!" అన్నాడు నిమాయ్.

"సరే, పాడు మాషీ."

ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమే సిగ్గుపడి మఫ్లరు సర్దుకుంది.

"నా నోటి దగ్గర చెవి పెట్టు తల్లీ, చెబుతాను. రేపు పొద్దున ఎనిమిదింటికి బర్ధమాన్ ఆసుపత్రిలో గొంతు తీసేస్తారట. ఆ తర్వాత ఈ గాలి కూడా ఉండదు."

"ఎవరిచేతైనా రాయించి పంపు."

"నాకు రాత రాదు. రాయించినా, రాగం కాగితం మీద పడుతుందా?"

తోర్షా గడియారం చూసుకుంది. "కచేరీ అయ్యాక విందాం. అక్కడ కూర్చుని టీ తాగు."

"ఆఖరి బస్సు నాలుగింటికే..."

తోర్షా అప్పటికే మైకు దగ్గరికి వెళ్లిపోయింది.

ముసలామె వేదిక అంచున కూర్చుని, ఏకతారని ఒళ్లో పెట్టుకుంది. దాని అడుగున ఉండే ఎండిన సొరబుర్ర మీద చెయ్యి ఆనించింది. బక్క చేతికి వదులుగా ఒక ఇనుప గాజు.

"నిమాయ్‌దా, టిక్కు ఇవ్వు!"

నిమాయ్ వైర్లలో తల దూర్చి ఉన్నాడు. తోర్షా కళ్లు మూసుకుని ఎత్తుకుంది, వెనక కీబోర్డు, డ్రమ్ముల వాళ్లు అందుకున్నారు. టిక్, టిక్, టిక్... టిక్.

"అబ్బ, ఈరోజు ఎంత బాగా పడుతోంది! దాన్ని కదపకు."

నిమాయ్ తలెత్తి ఏదో అనబోయాడు. తోర్షా మళ్లీ పాటలో మునిగిపోయింది. అతను మళ్లీ వైర్లలోకి వంగాడు.

మూడు చరణాలూ అవగానే తోర్షా వెనక్కి తిరిగి చూడకుండా చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి వేదిక అంచున ఎవరూ లేరు. మట్టికప్పులో టీ నిండుగా అలాగే ఉంది.

సాయంత్రం సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లు ఆ ఒక్క పాటే అడిగారు.

మర్నాడు రైల్లో తోర్షా ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని, నిమాయ్ రికార్డు చేసిన మధ్యాహ్నం రిహార్సల్ వింది. రైలు బర్ధమాన్ దాటుతోంది. పదకొండు కావస్తోంది.

"కంపెనీకి ఇదే పంపుదాం నిమాయ్‌దా. టిక్కు ఇంత ప్రాణంతో ఎప్పుడూ పడలేదు."

నిమాయ్ కిటికీలోంచి చూస్తున్నాడు.

పాట అయిపోయింది. కీబోర్డు ఆగింది, డ్రమ్ములు ఆగాయి. టిక్కు మాత్రం ఆగలేదు. సరిగ్గా ఇంకొక్క చరణమంత సేపు నడిచింది. దాని మీద మాటల్లేకుండా ఏదో గాలి, పైకి వెళ్లి, కిందికి దిగి, చివర్లో పేరు పలికినట్టు ఒక్క క్షణం నిలిచి, ఆగిపోయింది.

"మిషన్ ఆపడం మర్చిపోయావా ఏంటి?" అంది తోర్షా.

"నిన్న మధ్యాహ్నం ఆ టిక్కు మిషన్‌కి నేను కరెంటే ఇవ్వలేదు దీదీ," అన్నాడు నిమాయ్.