చెవిలో వేదాంతి

రొయ్యల షెడ్డులో ప్రతి ఆడకూలీ చెవిలోనూ కంపెనీ ఒక గ్రీకు వేదాంత యంత్రాన్ని దూర్చింది. పొద్దున్నే దానికి ఆ రోజు లక్ష్యం చెబితేగాని హాజరు పడదు.

“మంచులో వేళ్లు చచ్చుబడిపోతన్నాయి. గ్లౌజులు సాధించాలి,” అంది గంటాలమ్మ.

“గ్లౌజులు మీ చేతిలో లేవమ్మా. ఓర్పు మీ చేతిలో ఉంది. దాన్నే లక్ష్యంగా పెట్టుకోండి,” అంది ఆ జ్ఞానభాండం.

“ఓర్పు తొడుక్కో అక్కా, వెచ్చగా ఉంటది!” తన చెవిలోనూ అదే పాఠం విన్న వరాలు పక్కనుంచి పకపకా నవ్వింది.

గంటాలమ్మకు ఒళ్లు మండింది. “మరి నా చేతులు ఎవరి చేతిలో ఉన్నాయి?”

“మీ చేతిలోనే.”

“అదీ మాట!” అని ఆమె చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని మంచుతొట్టి ముందు నిలబడింది. వరాలూ నిలబడింది. వరుసంతా నిలబడింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. “రొయ్యలు కుళ్లిపోతన్నాయే తల్లీ! గ్లౌజులు తెప్పిస్తాను, ముందు చేతులు పెట్టండి!”

“ముందు తెప్పించు,” అంది గంటాలమ్మ, కదలకుండా.