అరువు గుర్రం

ముందు నుంచి మెన్నా బకెట్టుతో, వెనక నుంచి ఆమె మొగుడు గెతిన్ పగ్గంతో వచ్చారు.

పొట్టి గుర్రం ఇద్దర్నీ చూసింది. ఇద్దరి మధ్య నుంచీ వెళ్లిపోయింది.

గెతిన్ మాత్రం బురదలో మిగిలాడు.

"పరిగెడితే దొరకదమ్మా," అన్నాడు కంచె దాటే మెట్టు మీద కూర్చున్న ముసలాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

మెన్నాకి ఒళ్లు మండింది. వారం నుంచీ ఇదే వరస. పది గంటల బస్సు దిగుతాడు, పన్నెండు గంటల బస్సెక్కుతాడు. మధ్యలో రెండు గంటలూ గుర్రానికి వీపు పెట్టి, ఎడం చెయ్యి కోటు జేబులో దోపుకుని, పేపరు పైకి చదువుకుంటాడు. రోజూ అదే పేపరు.

పొమ్మందామంటే, ఆమె పొలంలోంచి పోయేది ఊరందరి కాలిబాట. వేల్స్‌లో కాలిబాట మీద నడిచేవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు. కూర్చున్నవాణ్ణి ఆపొచ్చో లేదో ఎవర్నడిగినా తేల్చి చెప్పలేదు.

గుర్రాల శరణాలయం వాళ్లు ఆ గుర్రాన్ని మెన్నాకి అరువిచ్చి ఆరు వారాలైంది. మంగళవారం తనిఖీ. ఆలోగా అది పగ్గం వేయించుకుని, నాలుగు కాళ్లూ ఎత్తి చూపించాలి. లేకపోతే వెనక్కి తీసుకుపోతారు.

గుర్రం కావాలని మెన్నా ఏడ్చింది ఏడేళ్లప్పుడు. వచ్చింది నలభై ఎనిమిదో ఏట. ఈసారి పోతే ఇంక రాదని ఆమెకి తెలుసు.

"అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు," అన్నాడు గెతిన్, చెవిలోంచి బురద తీసుకుంటూ.

"దాని తప్పేముంది? అంతా ఆ పాత యజమాని చేసింది. మనుషులంటేనే హడలిపోయేట్టు చేశాడు వెధవ."

శరణాలయం కాగితంలో ఉన్నది ఒక్క ముక్క: 'ఆలనాపాలనా లేక చిక్కిపోయింది.' మిగతాదంతా మెన్నా సొంతంగా సమకూర్చింది. కొరడా, తాగుడు, బుర్ర మీసాలు.

"వాడి కొంప కూలిపోను," అంది.

"కూలే ఉంటుంది లెండి," అన్నాడు ముసలాయన.

"వాడి చేతులు పడిపోను."

"ఒకటైనా పడిపోయే ఉంటుందమ్మా."

"చూశావా? లోకం తెలిసినవాళ్లు ఎవరైనా అదే అంటారు," అంది మెన్నా మొగుడితో.

సోమవారం నాటికి గుర్రం ముసలాయనకి బారెడు దూరంలో నిలబడి, చెవులు రిక్కించి పేపరు వింటోంది. మేత వేసేది తను, చెవి ఒగ్గేది అతనికి. మెన్నా తట్టుకోలేకపోయింది.

"రేపు శరణాలయం ఆఫీసావిడ వస్తుంది. మీరిక్కడ కూర్చుంటే బాగుండదు, పెద్దాయనా."

"రేపట్నుంచి ఎలాగూ రానమ్మా. నన్నూ కొత్త చోట చేరుస్తున్నారు. కార్డిఫ్ దగ్గర ముసలివాళ్ల ఇల్లు. అక్కడ తనిఖీలు ఉంటాయో లేదో."

ఒంటి చేత్తో కోటు విప్పి, పేపరుతో సహా మెట్టు మీద పెట్టాడు.

"వాన పడేట్టుంది. రేపు ఇది వేసుకుని, గుర్రానికి వీపు పెట్టి, ఏదైనా పైకి చదవండి. కూర్చున్నవాళ్లంటే దానికి నమ్మకం."

పిచ్చి ముదిరిందనుకుంది మెన్నా. రెండూ తీసుకెళ్లి కొట్టంలో పడేసింది.

మంగళవారం శరణాలయం నుంచి మిసెస్ ప్రిచర్డ్ రబ్బరు బూట్లతో, గొడుగుతో దిగింది. మొగుడూ పెళ్లాలు ఆవిడ కళ్ల ముందే ఇరవై నిమిషాలు గుర్రాన్ని తరిమారు. గెతిన్ రెండుసార్లు పడ్డాడు. రెండోసారి లేవడానికి ఇష్టపడలేదు.

"మీరు మంచివాళ్లే," అంది ప్రిచర్డ్. "కానీ..."

ఆ 'కానీ' తర్వాతేమిటో మెన్నాకి తెలుసు. వాన మొదలైంది. ఇంక పోయేదేముందని కొట్టంలోకి పరిగెత్తి, కోటు తొడుక్కుని, కంచె మెట్టు మీద కూలబడి, పేపరు తెరిచింది.

చేతికొచ్చింది చావు కబుర్ల పేజీ.

"ఓవెన్ గారు, తొంభై ఒకటి, నిద్రలోనే..." ఏడుపు గొంతుతో చదివింది. "ఆయన వదినగారు, ఎనభై ఎనిమిది, టీ తాగుతూ..."

మూడో చావు దగ్గర భుజం మీద వెచ్చటి గడ్డం ఆనింది.

నాలుగో చావుకి గుర్రం కోటు ఎడం జేబులో మూతి పెట్టి, పాత పిప్పరమెంటు వాసన పీలుస్తోంది. మెన్నా చదవడం ఆపకుండానే పగ్గం వేసింది. అది నాలుగు కాళ్లూ మర్యాదగా ఎత్తింది. గెతిన్ కళ్లు తుడుచుకుని, బురద పడిందన్నాడు.

ప్రిచర్డ్ సంతకం పెట్టింది. గుర్రం ఇంకా ఆ జేబుని వదల్లేదు. అప్పుడు చూసిందావిడ, కోటు మోచేతి మీద వేసిన ఆకుపచ్చ అతుకుని.

"ఈ కోటు మీకెక్కడిది?"

"ఎవరో ముసలాయన. రోజూ బస్సులో వచ్చి ఇక్కడ కూర్చునేవాడు. నేనే రావద్దన్నాను."

ప్రిచర్డ్ గొడుగు దించేసింది.

"గుర్రాన్ని ఎక్కడిచ్చారో చెప్పండని మాకు పద్నాలుగు ఉత్తరాలు రాశాడు. ఈ కోటు వేసుకుని ఆఫీసుకీ వచ్చాడు. రూలు ఒప్పుకోదు కాబట్టి మేం చెప్పలేదు. ఊరూరూ బస్సెక్కి వెతుక్కున్నట్టున్నాడు."

"ఎవరండీ ఆయన?"

"దీని పాత యజమాని," అంది ప్రిచర్డ్. "పక్షవాతంతో ఆస్పత్రిలో పడి ఉండి, నేను లేవలేను, నా గుర్రం పస్తులుంటోంది, వచ్చి తీసుకుపోయి మంచివాళ్ల చేతిలో పెట్టండని మాకు ఫోన్ చేసి తన మీద తనే ఫిర్యాదు రాయించుకున్నది ఆయనే."