తొమ్మిది పూసల వరుస

“చెయ్యను మేడమ్,” అన్నాడు వడ్రంగి, కుండబద్దలు కొట్టినట్టు.

బడి వదిలి పావుగంటయింది. ఒకటో తరగతి గదిలో ముగ్గురే మిగిలారు: టీచరు, వడ్రంగి, అతని ఆరేళ్ళ కూతురు. ఆ పిల్లకు ఇంట్లో పిడుగు అని పేరు. ఇప్పుడు మాత్రం నాన్న మోచెయ్యి పట్టుకుని ఒదిగి నిలబడింది. పిల్లల బెంచీ మీద కూర్చున్న వడ్రంగికి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కబురు రాగానే పని మధ్యలో లేచొచ్చాడు. చొక్కా మీద రంపంపొట్టు కూడా దులుపుకోలేదు.

ఎదురుగా బల్ల మీద పిడుగు చేసిన పూసల చట్రం ఉంది. కూడికలూ తీసివేతలూ నేర్చుకోవడానికి ఇంటి దగ్గర చేసి తెమ్మన్నది అదే. రేపు తల్లిదండ్రులందరూ వస్తారు, ప్రదర్శనలో పెట్టాలి. పిడుగు చట్రం ఒక పక్కకు ఒరిగింది. రెండు మేకులు సగం దిగి వంగిపోయాయి. పూసలు గుచ్చిన దారాలు వదులొదులుగా వేలాడుతున్నాయి.

“ఇది రేపు బల్ల మీద పెట్టలేనండీ,” అంది టీచరు. “వడ్రంగి కూతురు ఇలాంటిది తెచ్చిందంటే నలుగురూ నవ్విపోతారు. కొత్తది చేసి పొద్దున్నే పంపండి. మీకెంత, గంట పని.”

“గంట కూడా అక్కర్లేదు. అరగంట చాలు. అయినా చెయ్యను.”

“ఎందుకని?”

“మీరు పంపిన కాగితం మూడుసార్లు చదివాను. పిల్లల చేత చేయించమని ఉంది. చేసివ్వమని లేదు.”

“చేయించడమంటే ఇలా గాలికొదిలేయడమా?”

వడ్రంగికి చుర్రుమంది.

“గాలికొదిలేశానా? రెండు సాయంత్రాలు దీని పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నానండీ. మేకు వంకరపోతుంటే నా చేతులు ఎంత దురద పెట్టాయో మీకేం తెలుసు? ఇరవై ఏళ్ళుగా సుత్తి పడుతున్నా, అంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు. సుత్తి దీని వేలి మీద పడితే ఊదాను. అంతే నేను చేసిన సాయం.”

“మూడుసార్లు ఊదాడు,” అంది పిడుగు, వేలు చూపిస్తూ.

టీచరు నవ్వలేదు. చట్రం దగ్గరికి లాక్కుని పెన్నుతో పూసలు లెక్కపెట్టింది. “సరే, చెక్క సంగతి వదిలేయండి. వరుసకు పది పూసలుండాలి కదా? నాలుగో వరుసలో తొమ్మిదే ఉన్నాయి. ఇదేం లెక్క?”

“దాన్నే అడగండి.”

పిడుగు నాన్న మోచెయ్యి వదిలేసి ముందుకొచ్చింది. “నాలుగులో తొమ్మిది, అయిదులో పదకొండు టీచర్. అయిదులోది ఒకటి నాలుగులో వేస్తే రెండూ పదే.”

వేళ్ళు కూడా మడవలేదు. టీచరు ఓ క్షణం ఆ పిల్లనే చూసింది.

“తెలిసినప్పుడు మార్చలేదేం మరి?”

“ముడి బిగుసుకుపోయింది. నాన్న విప్పనన్నాడు.”

“ముడేసింది అది, విప్పాల్సిందీ అదే,” అన్నాడు వడ్రంగి. “రేపు ఈ చట్రమే బల్ల మీద ఉండాలి మేడమ్, దాని పేరుతోనే. మీరు పెట్టనంటే గేటు దగ్గర నేనే పట్టుకుని నిలబడతాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి.”

“మీతో వాదించలేను గానీ, ఒకటి చూపిస్తాను రండి.”

టీచరు లేచి, గది మూలన ఉన్న ఇనప బీరువాలోంచి మరో చట్రం తెచ్చి అతని చేతిలో పెట్టింది. నున్నగా వార్నిష్ మెరుస్తోంది. నాలుగు మూలలూ అతికినట్టు కూర్చున్నాయి. కమ్మీల మీద పూసలు జారుతుంటే చప్పుడు కూడా లేదు.

“మా అబ్బాయి చేశాడు. పక్క సెక్షనే, మీ పాప ఈడువాడే. నేను ట్రైనింగుకు వెళ్ళిన రెండు రోజులూ మావారు దగ్గరుండి చేయించారు. ఆయనేం వడ్రంగి కాదు, ఆఫీసు ఉద్యోగి. తండ్రి కాస్త మనసు పెడితే ఎలా వస్తుందో చూడండి. మొదటి బహుమతి దీనికేనని పెద్ద మేడమ్ కూడా అన్నారు.”

వడ్రంగి చట్రాన్ని తిరగేసి చూశాడు. మూలల మీద బొటనవేలితో రాశాడు. నోటిదాకా ఏదో మాట వచ్చింది. తలెత్తి టీచరు ముఖం చూశాడు. కన్నతల్లి మురిపెం తప్ప అక్కడ ఇంకేమీ లేదు. ఆ మాట మింగేశాడు.

“పని బాగానే ఉందండీ,” అన్నాడు తిరిగి ఇచ్చేస్తూ. “కాకపోతే, ఇది చేసినవాడు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.”

“మా అబ్బాయినే అంటున్నారా!” టీచరు ఒంటికాలి మీద లేచింది. “ఇంత కుళ్ళు పనికిరాదండీ!” విసవిసా బీరువా దగ్గరికి వెళ్ళి, చట్రాన్ని అడుగు అరలో పెట్టడానికి వంగింది. తెరిచిన ఇనప తలుపు చాటున మనిషి కనబడకుండా పోయింది.

పిడుగు తన చట్రం చంకన పెట్టుకుంది. వడ్రంగి బెంచీ మీంచి లేచాడు.

అప్పుడే బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. వడ్రంగిని చూడగానే ముఖంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది. గదిలోకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి గుసగుసగా కసిరాడు.

“ఇక్కడికెందుకొచ్చావయ్యా మేస్త్రీ! పూసల చట్రం తెచ్చినట్టే, మావాడి గడియారం బొమ్మ కూడా మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు తెమ్మన్నానా లేదా?”