పాట పెరిగే వైపు

ముసలాయన ఊరి హాలు బయటి గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

టూర్‌దిస్ లోపల ఊడుస్తూ కిటికీలోంచి చూసింది. చేతిలో చీపురుతోనే బయటికి వచ్చింది.

"ఏం పెద్దమనిషీ, గోడతో ఏమిటి మంతనాలు?"

ఆయన ఉలిక్కిపడి టోపీ తీశాడు. డెబ్భై దాటి ఉంటాయి. కోటు పాతది, బొత్తాలు మాత్రం మెడ దాకా పెట్టుకున్నాడు.

"పాట... శనివారం... ఇప్పుడూ ఉందా?" ఒక్కో మాటా తడుముకుంటూ అడిగాడు.

"రేపే. డిస్కో పండగ. అయితే నీకేం?"

"పైన రేడియో ఏరియల్ ఉండేది. లేదా?"

టూర్‌దిస్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఏరియల్ పీకేసి ఇరవై ఏళ్ళయింది. ఈ ఊరి గడప ఎన్నడూ తొక్కని మనిషికి ఆ సంగతెలా తెలుసు?

దేశానికి ఉత్తరపు కొసనున్న ఈ స్కార్‌విక్‌లో ఉన్నది నూట పది మంది. కాలు చాపితే సముద్రం, తూర్పున నీళ్ళకి అవతల రష్యా. కొత్తవాడు బస్సు దిగితే కప్పులో కాఫీ చల్లారేలోగా ఊరంతా తెలిసిపోతుంది. ఈయన నిన్న దిగాడు. ఫలానావాళ్ళ చుట్టాన్నని ఎవరి తలుపూ తట్టలేదు.

"పడవ... స్టైన్‌బిట్... ఇంకా ఉందా?"

అది ఆమె భర్త ఐలెర్ట్ పాత పడవ.

"మా పడవల పేర్లు నీకెవరు చెప్పారు?"

ఆయన తూర్పుకి చెయ్యి చూపించాడు. "విన్నాను. అక్కడ."

టూర్‌దిస్ వెంటనే లోపలికి వెళ్ళి గడియ పెట్టింది.

లోపల ఐలెర్ట్ నిచ్చెనెక్కి అద్దాల గోళం వేలాడదీస్తున్నాడు. చేపల ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఒకప్పుడు జీతాల్లోంచి తలా కొంత వేసుకుని కొన్నది. సగం అద్దాలు ఊడిపోయినా దాన్ని మార్చనివ్వరు.

"రష్యావాడు. నీ పడవ పేరు అడుగుతున్నాడు. గోడలకి చెవులు పెడుతున్నాడు."

"పెడితే గోడకేం నష్టమే? నీ కంటికి గడ్డమున్న మేక కూడా గూఢచారే."

"నవ్వు, నవ్వు. రేపు మనింట్లో చెంచాలెన్నో వాడు చెప్తాడు, అప్పుడు కూడా నవ్వు."

ఐలెర్ట్ నిచ్చెన మీంచే కిటికీలోకి తొంగి చూశాడు. ముసలాయన కొండకొన మీద నిలబడి, రేవు వైపూ సముద్రం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

ఐలెర్ట్ నవ్వు ఆగిపోయింది.

"ఫోన్ చెయ్యి," అన్నాడు.

గంటలో పోలీసమ్మాయి సివ్ వచ్చింది. దక్షిణాది నుంచి బదిలీ అయి నెల కూడా కాలేదు. ముసలాయన కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపింది.

"సరిహద్దు పట్నం దాకానే మీకు అనుమతి. ఇంత దూరం రాకూడదు."

"తెలుసు," అన్నాడాయన. "రేపొక్క రోజు. పాట విని వెళ్ళిపోతాను."

సివ్ కాగితాలు మడిచి టూర్‌దిస్ వైపు తిరిగింది. "ఊళ్ళోవాళ్ళెవరైనా పూచీ ఉంటే రేపటిదాకా ఆగనివ్వచ్చు. మీరేమంటారు?"

"బాగుంది! ముక్కూ మొహం తెలియనివాడికి నేను పూచీనా?"

ఆయనకి ఆ మాట ఎంత అర్థమయిందో! జీపు ఎక్కబోతూ ఆగి, టూర్‌దిస్‌ని ఏదో అడగబోయాడు.

టూర్‌దిస్ మొహం తిప్పుకుంది.

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. అరవై దాటిన ఆడవాళ్ళు వెండిరంగు బూట్లు తొడుక్కుని, మనవరాళ్ళకి అడుగులు నేర్పుతున్నారు. చెమటలు కక్కుతున్నారు. టూర్‌దిస్ కళ్ళు మాత్రం మాటిమాటికీ తలుపు మీదికే పోతున్నాయి.

ఏటా చేసినట్టే ఐలెర్ట్ పాట ఆపి మైకు అందుకున్నాడు.

"పంతొమ్మిది వందల ఎనభై, నవంబరు. నలుగురం అవతలి దీవి నుంచి ఈ డిస్కోకే బయల్దేరాం. నాకు ఇరవై, ఈవిడకి పంతొమ్మిది. నడిమధ్యలో పొగమంచు కమ్మేసింది. దిక్సూచి పనిచెయ్యలేదు. రేడియోలో గొంతు చించుకున్నాం, పలికిన నాథుడు లేడు!"

"చెప్పు, చెప్పు," అన్నారు అందరూ, కథ కంఠతా వచ్చినవాళ్ళే.

"అప్పుడొక గొంతు. 'స్టైన్‌బిట్, రాళ్ళ మీదికి పోతున్నారు. వెనక్కి తిప్పండి. పాట పెరిగే వైపు రండి' అని. మన బడి మాస్టారు ఈ హాలు మీది ఏరియల్ నుంచి ఇక్కడి పాటలు పడవల రేడియోల్లోకి వదిలేవారు కదా! ఆ గొంతు చెప్తూ చెప్తూ సగంలో తెగిపోయింది. మిగతా దారి పాట ఎటు గట్టిగా వినిపిస్తే అటు తిప్పుకుంటూ వచ్చాం. యాస వేరుగా ఉంది. ఏ దక్షిణాది పడవవాడో! ఎక్కడున్నా చల్లగా ఉండాలి!"

గ్లాసులు పైకి లేచాయి. టూర్‌దిస్ కళ్ళు తుడుచుకుంది.

సోమవారం సివ్ ఫోన్ చేసింది.

"ఆయన్ని నిన్న సరిహద్దు దాటించాం. నియమం తప్పాడు కాబట్టి ఇక ఈ వైపు రానివ్వరు."

"చూశావా! గూఢచారే కదూ?"

"అలాంటిదేం లేదండీ. పాపం, దారి పొడుగునా ఒకటే ప్రశ్న."

"ఏమని?"

"'ఒకప్పుడు అవతలి ఒడ్డున మీ పడవల్నీ రేడియోల్నీ కనిపెట్టే కాపలా ఉద్యోగం నాది. పొగమంచులో నలుగురు పిల్లలు. నేను దారి చెప్తుండగానే మా పైవాళ్ళు నా చేతిలోంచి రేడియో లాగేసుకున్నారు. వాళ్ళు ఇల్లు చేరారా?' అని. నేను ఊరికి కొత్త కదండీ, తెలియదని చెప్పి పంపేశాను."