పడవను లాగే కారు

"ఇది మీ పడవను గుంజదు అంకుల్," అన్నాడు ఆ అబ్బాయి, తన ఎర్ర కారు బానెట్ మీద చెయ్యేసి.

బుల్లిబాబు తెల్లబోయాడు. అమ్ముకునేవాడు తన సరుకును తనే కాదంటాడా?

"చిన్న పడవే బాబూ. ట్రైలర్ మీద పెట్టుకుని ఆదివారం పూట ఏదో చెరువుకి..."

"చిన్నదైనా అంతే. ఇది సరదాగా తోలుకునే బండి. రేటు కూడా మీకు అందుతది. కానీ వెనక బరువు తగిలిస్తే క్లచ్ కాలిపోతది. మీకు జర ఎత్తుగా, గట్టిగా ఉన్న డీజిల్ బండి కావాలె. పాతదైనా ఫికర్ లేదు."

"అలాంటి మోటు బండిలో సరదా ఏముంటుందయ్యా?"

"పడవ చెరువు కాడికి చేరుతది కదా అంకుల్. అదే సరదా."

బుల్లిబాబు నవ్వేశాడు. నిజానికి ఆయనకు పడవా లేదు, కారు కొనే ఉద్దేశమూ లేదు. హఫీజ్‌పేట్ దాకా ఆయన వచ్చింది కాబోయే అల్లుణ్ణి చూసుకోవడానికి.

ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యాక ఆయన, భార్య జయలక్ష్మి ఖాజాగూడలో కూతురి దగ్గరే ఉంటున్నారు. రసజ్ఞకు మాదాపూర్‌లో ఉద్యోగం. నిరుడు ఆ పిల్ల ఆఫీసులో భరత్ అని ఎవరి గురించో చెప్పబోయింది. వాళ్ళది సిద్దిపేట వైపని వినగానే "మనవాళ్ళు కారు, మన మాట కాదు, వాణ్ణి నా కళ్ళకు చూపించకు" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. పిల్ల మళ్ళీ ఆ పేరెత్తలేదు. తరవాత మధ్యవర్తి ఈ రోహిత్ సంబంధం తెచ్చాడు. తమ జిల్లావాళ్ళే, ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. జాతకాలు కుదిరాయి.

అయితే బుల్లిబాబుకు పెళ్ళిచూపుల మీద నమ్మకం లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సోఫా అంచున కూర్చుంటే ఎవడైనా బుద్ధిమంతుడే. ముక్కూమొహం తెలియని మనిషితో ఎలా ఉంటాడో అదీ అసలు గుణం. ఒక్కగానొక్క కూతురు. ఇక్కడ పొరపాటు పడితే దిద్దుకునే వీలుండదు. అందుకే రోహిత్ కారు అమ్మకానికి పెట్టాడని రసజ్ఞ చెప్పి అడ్రసు ఇవ్వగానే కొనేవాడి వేషం కట్టాడు. పేరు అడిగితే తన పేరూ చెప్పాల్సొచ్చి గుట్టు బయటపడుతుందని అది తప్ప అన్నీ అడిగాడు. మధ్యవర్తి పంపిన ఫోటోలో గుబురు గడ్డం, నల్లకళ్ళద్దాలు. గడ్డం తీసేశాక కుర్రాడు ఇంకా బాగున్నాడనుకున్నాడు.

"సరే, ఓసారి తిప్పి చూపించు," అన్నాడు.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కారు హుషారుగా ముందుకు దూకింది. బుల్లిబాబుకు కుర్రతనం వచ్చినట్టయింది.

"ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నావు?"

"అమ్మకు మోకాళ్ళ నొప్పులు అంకుల్. సీటు కిందికుంది, ఎక్కలేదు, దిగలేదు. సరదా నా ఒక్కనిదే అయితే ఏం లాభం?"

మాటంతా ఇక్కడి యాసే. పుట్టి పెరిగింది ఇక్కడే కదా, మరింకేం వస్తుంది అని సరిపెట్టుకున్నాడు. పైగా వింటున్నకొద్దీ చెవికి ఇంపుగానే ఉంది.

ఫ్లైఓవర్ దిగాక ఒక ఆటో దారికి అడ్డంగా ఆగిపోయి ఉంది. వెనక హారన్ల గోల. పరీక్ష పెట్టడానికి ఇదే అదననుకున్నాడు బుల్లిబాబు.

"తాడు కట్టి లాగెయ్. నీ కారు సంగతీ తేలిపోతుంది."

"నా బండి సత్తా చూపియ్యనీకి లాగితే ఆటో అన్న దెబ్బ తింటడు. ఈ ట్రాఫిక్‌లో తాడు తెగితే ఏంది పరిస్థితి?" అంటూ కారు పక్కకు ఆపి దిగాడు. చొక్కా చేతులు మడిచి ఆటోను తోయడం మొదలుపెట్టాడు. బుల్లిబాబు ఊరుకోలేక తనూ ఓ చెయ్యి వేశాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎందుకో మనసు మాత్రం తేలికపడింది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే "జయా, ఇంక సంబంధాలు చూడొద్దు. ఇతనే మన అల్లుడు," అన్నాడు.

"అదేంటండీ, ఒక్క పూటలోనే?" అంది జయలక్ష్మి.

"చేతికొచ్చిన బేరం పోతుందని తెలిసీ నాకు నిజం చెప్పాడు. అలాంటివాడు మన పిల్లను మోసం చేస్తాడా? కాకపోతే మాట మాత్రం అచ్చం ఇక్కడివాళ్ళ మాటే."

"మీకది పడదుగా?"

"మనిషి మంచివాడైతే ఏ మాటైతే ఏంలే. ఇన్నాళ్ళూ అనవసరంగా పట్టింపుకు పోయాను," అన్నాడు మెల్లగా.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ రసజ్ఞ అడిగింది.

"నీకు నిజంగా నచ్చాడా నాన్నా?"

"నచ్చడమేంటే! ఆ అబ్బాయిని వదులుకుంటే నా అంత తెలివితక్కువవాడు ఉండడు."

"రేపు మాట మార్చవు కదా?"

"ఎప్పుడైనా మార్చానా? నీ మీద ఒట్టు."

రసజ్ఞ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నేనిచ్చిన అడ్రసు రోహిత్‌ది కాదు. నువ్వు చూసొచ్చింది భరత్‌ని నాన్నా."