కిటికీ పక్కన కమోడ్

మా ఆవిడ వెర్నాకి కమోడ్ కిటికీ పక్కనే కావాలి. అక్కణ్నుంచి పైపు పోవాలంటే చెక్కనేల కింద దూలాలు కొయ్యాలి, కుదరదని రెండేళ్లు చెప్పాను.

“చేతకాదని చెప్పు ఆర్లో. వేరే ప్లంబర్ని పిలుస్తా.”

ఆ మాట పడతానా? రెండు మెట్ల ఎత్తున చెక్క అరుగు కట్టి, దాని మీద కమోడ్ పెట్టి, కింద దూలాల మీదుగా పైపును వాలుగా పోనిచ్చాను. ఒక్క దూలానికీ రంపం తగల్లేదు. నీళ్లు వదిలితే గలగలా పోయాయి. వెర్నా నా చెయ్యి పట్టుకుని అక్కడే చిందేసింది.

తర్వాత రాణిలా ఎక్కి కూర్చుని, కిటికీలోంచి పెరటి కంచె మీదుగా సరస్సు వైపు చూసింది.

“ఆర్లో, నువ్వు రోజూ చేపలు పట్టే పడవ చుట్టూ నడుమెత్తు గడ్డి మొలిచిందే. పడవలో ఆ దిండెవరిది, చేపలదా?”

నేను రెండేళ్లు కుదరదన్నది ఒక్క దూలాల కోసమే కాదు.