విల్లు సరిచేసే మనిషి

మూడో బాణం కూడా కాగితాన్ని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది.

"ఈ బాణాలే మంచివి కావు," అన్నాడు మేస్త్రీ.

హాల్లో ఈ చివర విల్లు పట్టుకుని కూతురు. ఆమెకు రెండు గజాల దూరంలో చెక్క ఫ్రేముకు బిగించిన కాగితం. వెనకాల గుడ్డపేలికలు కుక్కిన గోనెసంచి. విల్లు సరిగ్గా అమరితే బాణం కాగితంలో చక్కటి చిల్లు పెట్టి వెళ్తుంది. అమరకపోతే చీలుస్తుంది. ఈమధ్య అన్నీ చీలికలే.

లేతు మిషను పనిలో తల పండిన మేస్త్రీ ఆయన. కూతురి చేతికి పోటీలకు వాడే కాంపౌండ్ విల్లు వచ్చిన నాటి నుంచి దాన్ని సరిచేసేది ఆయనే. ఎడమ కన్నుతో నారి వెంట చూసి, బాణం ఆనే రెస్టును వెంట్రుకవాసి జరుపుతాడు. పతకాలు కూతురివే అయినా, సగం తనవేనని లోపల ఆయన లెక్క.

అలాంటిది, ఇవాళ కూతురు ఎవరో కళ్ళజోడు మనిషిని వెంటబెట్టుకొచ్చింది. విల్లు సరిచేయడం తెలిసినాయన, ఒకసారి చూస్తారు నాన్నా అంది.

మేస్త్రీకి కడుపు మండిపోయింది.

వచ్చినవాడు విల్లును ముట్టుకోనైనా లేదు. మేస్త్రీ పక్కన నిలబడి ఒకటే ప్రశ్నలు. ఆ చీలిక ఎటుంది? ఎంత పొడవుంది? నారి తిన్నగానే కనిపిస్తోందా? తనకు పని వచ్చో రాదో పరీక్ష పెడుతున్నాడనుకున్నాడు మేస్త్రీ.

"ఒకసారి ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో చూడండి," అన్నాడు ఆ మనిషి మెల్లగా.

"ముప్పయ్యేళ్ళు ఈ కన్నుతోనే ఇనుము కొలిచాను. నాకు చూడ్డం నేర్పడానికి నువ్వెవరయ్యా? నేనుండగా మా అమ్మాయి విల్లు ఇంకొకడు సరిచేయక్కర్లేదు. దయచెయ్."

ఆ మనిషి వెనుదిరిగాడు. గుమ్మం దగ్గర కూతురితో ఏదో గుసగుసగా చెప్పాడు. ఆమె తలూపింది. అది చూసి మేస్త్రీకి మరింత కుళ్ళు పుట్టుకొచ్చింది. తనకు తెలియకూడని మాట వాళ్ళిద్దరికీ ఏముంటుంది?

వారం రోజులు కూతురితో ముభావంగా ఉన్నాడు. ఆమె ఆ మనిషి ఊసెత్తినప్పుడల్లా కంచం ముందు నుంచి లేచిపోయాడు. చివరికి ఆమే నోరు మూసుకుంది. మేస్త్రీ పంతం నెగ్గింది.

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు మేస్త్రీకి ఎడమ పక్కనున్న తలుపు కనబడక, గుద్దుకుని నుదురు చిట్లింది. ఇక కూతురి వెంట కళ్ళాస్పత్రికి వెళ్ళక తప్పలేదు.

కళ్ళలో చుక్కలు వేసి, లైట్లు వేసి పరీక్షించిన చిన్న డాక్టరమ్మ, ఎడమ కన్నుకు ఇక చూపు రాదని చెప్పింది. కుడి కన్నయినా నిలబడుతుందేమో చూద్దామంటూ పెద్ద డాక్టరు గదిలోకి పంపింది.

లోపల ఆ కళ్ళజోడు మనిషే కూర్చుని ఉన్నాడు.

"ఇతనిక్కడేం చేస్తున్నాడు?" మేస్త్రీ గొంతులో ఇంకా ఆ మంట చల్లారలేదు.

"ఆయనకు విల్లు సరిచేయడం రాదు నాన్నా," కూతురు కళ్ళు తుడుచుకుంది. "నువ్వు చచ్చినా కళ్ళాస్పత్రికి రానన్నావని, ఆ రోజు డాక్టరుగారినే బతిమాలి మనింటికి తీసుకొచ్చాను."